పెళ్ళి చేస్తే సర్దుకుంటుందా?

మొన్న మా పెద్దమ్మ కూతురు వచ్చింది. వంటింట్లో నేను తప్ప ఇంకెవరూ లేరని రెండుసార్లు చూసుకుని, గొంతు తగ్గించి అంది: "మావాడికి ఆడపిల్లల మీద మనసు పోదటే. మగవాళ్ళనే ఇష్టపడతాట్ట. పెళ్ళి చేస్తే అదే సర్దుకుంటుందంటారు మీ బావ. సంబంధం కూడా చూశాం. నువ్వేమంటావు?"

"ఆ పిల్లకి చెప్పారా?" అన్నాను.

"ఏ పిల్లకి?"

"చేసుకోబోయే పిల్లకి."

అక్క నావంక అదోలా చూసింది. ఆ ఆలోచనే రాలేదన్నమాట!

మన ఇళ్ళల్లో పెళ్ళిని మించిన మందు లేదు. తాగుడు మానడానికి పెళ్ళి, బాధ్యత తెలియడానికి పెళ్ళి. రోగం మనవాడిదంటాం, మందు మింగేది మాత్రం పరాయివాళ్ళ పిల్ల. పిచ్చి కుదిరితేగాని పెళ్ళి కాదు, పెళ్ళయితేగాని పిచ్చి కుదరదని సామెత వుండనే వుంది. ఇక్కడ కుదరడానికి అసలు పిచ్చంటూ లేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1990లోనే దీన్ని జబ్బుల జాబితాలోంచి తీసేసింది.

సరే, పెళ్ళయిందనుకోండి. అతని మనసు మారదు, చాటు మాత్రం పెరుగుతుంది. చాటుగా వెళ్ళినవాడు వొంట్లో ఏదైనా వస్తే డాక్టరుకి చెప్పుకోలేడు, భార్యకి అసలే చెప్పలేడు. హెచ్‌.ఐ.వి. ఎవరికైనా రావచ్చు, నువ్వు ప్రేమించిందెవరినని అది అడగదు. కానీ దాచుకునే చోట దానికి ఎదురుండదు. చివరికి కడుపుతో వున్నప్పుడు చేసే రక్తపరీక్షలో బయటపడితే, మాట పడేది ఆ పిల్లే.

ఇది నేను కనిపెట్టిన సంగతి కాదు. ఈ చాటులోకి వెళ్ళి పని చేసినవాళ్ళకి ఎప్పుడో తెలుసు. వాళ్ళకి దక్కిందేమిటో చూడండి. 2001 జూలైలో లక్నోలో, ఇలాంటి మగవాళ్ళని కలుసుకుని, ఎయిడ్స్ గురించి చెప్పి, నిరోధ్‌లు పంచుతున్న కార్యకర్తలు నలుగురిని పోలీసులు పట్టుకుపోయారు. వాళ్ళ దగ్గరున్న ఆరోగ్యం పుస్తకాలు అశ్లీలమన్నారు. 377వ సెక్షన్ కూడా పెట్టారు. కింది కోర్టులు బెయిలివ్వలేదు. 47 రోజులు జైల్లో వున్నారు.

నవ్వాలో ఏడవాలో తెలియనిదేమిటంటే, ఆ నిరోధ్‌నే 1968 నుంచి ప్రభుత్వం 15 పైసలకు 3 చొప్పున కిళ్ళీకొట్లలో కూడా అమ్మించింది. గోడల మీద ఎర్ర త్రికోణం చూడనివాళ్ళం మనలో ఎవరం? పిల్లలు చాలని పంచితే కుటుంబ సంక్షేమం, ప్రాణం నిలుపుకోమని పంచితే నేరం!

ఆ ఏడే నాజ్ ఫౌండేషన్ అనే సంస్థ ఢిల్లీ హైకోర్టుకెక్కింది. 1860 నాటి ఆ సెక్షన్ వున్నంతకాలం రోగ నివారణ పని సాగదని వాళ్ళ వాదన. 2006లో జాతీయ ఎయిడ్స్ నియంత్రణ సంస్థ కూడా అది నిజమేనంది. ఆ భయంతోనే మనుషులు తమకి అందకుండా దాక్కుంటున్నారని చెప్పింది. హోం శాఖ మాత్రం సెక్షన్ వుండి తీరాలంది. ఒకే ప్రభుత్వం! మొగుడొకటి, పెళ్ళాం ఒకటి చెప్పే ఇళ్ళు మనకి కొత్త కాదనుకోండి. 2009లో గెలిచారు, 2013లో ఓడారు, 2018 సెప్టెంబరు 6న సుప్రీంకోర్టు, ఇష్టపడిన పెద్దవాళ్ళ మధ్య ఇది నేరం కాదంది. ఈ పోరాటంలో కొందరు తల్లిదండ్రులు కూడా, మా పిల్లలు నేరస్థులు కారంటూ సుప్రీంకోర్టు గడప తొక్కారు. ఆ తల్లులకీ చుట్టాలుంటారు, ఇరుగూపొరుగూ వుంటారు.

"కోర్టు సరే, ఊళ్ళో మొహం ఎలా చూపించను?" అంది అక్క.

దానికి నా దగ్గర జవాబు లేదు. ఊరు కోర్టుకంటే గట్టిది.

"పోనీ ఎవరైనా డాక్టరు మారుస్తాడేమో?"

మారుస్తామని వైద్యం చెయ్యడం వృత్తి ధర్మానికే విరుద్ధమని 2022లో జాతీయ వైద్య కమిషన్ చెప్పిందన్నాను. అంతకుముందు ఏడాది మద్రాసు హైకోర్టులో జస్టిస్ ఆనంద్ వెంకటేష్ ముందుకి, ఒకరినొకరు ఇష్టపడి ఇల్లు వదిలి వచ్చిన ఇద్దరమ్మాయిల కేసు వచ్చింది. ఆయన తనకీ విషయం సరిగా తెలియదని ఒప్పుకుని, తీర్పు రాసేముందు ఒక మనస్తత్వ నిపుణురాలి దగ్గర కూర్చుని చెప్పించుకున్నారు.

"హైకోర్టు జడ్జీయా? కూర్చుని చెప్పించుకున్నాడా?"

గ్లాసులో కాఫీ చల్లారిపోయింది. చాలాసేపటికి అక్క అంది: "రాత్రి మీ బావ పడుకున్నాక వాణ్ణి కూర్చోబెట్టి అడుగుతాను. ఏమని మొదలుపెట్టనే?"

"అది తర్వాత చూద్దాంలే అక్కా. ముందు ఆ పెళ్ళివారికి ఫోను చెయ్యి," అన్నాను.