ఇతరుని కొరకు వ్రాయు పత్రిక

ధ్యానమునకు: రోమా. 16:1-2; ఫిలేమోను 8-19; 2 సమూ. 11:14-17



గడచిన వేసవిలో ధర్మవరము నుండి ఒక యౌవనస్థురాలు హిందూపురములోని మా యింటికి వచ్చినది. డిగ్రీలో మూడు సంవత్సరములు నాయొద్ద రసాయనశాస్త్రము చదివినది. తలిదండ్రులు పట్టుచీరలు నేయువారు. తరువాత ఆమె పై చదువులు చదివి, బోరునీటిలోని ఫ్లోరైడును గూర్చి పరిశోధన చేసినది. "సార్, ఒక ఫెలోషిప్పుకు దరఖాస్తు పెడుతున్నాను. మీరు సిఫారసు ఉత్తరం రాయాలి" అని అడిగినది.

ఆ ఫెలోషిప్పు ఏమనగా, విజ్ఞానశాస్త్రము చదివినవారు కొంతకాలము ప్రభుత్వ కార్యాలయములలో నుండి, నీరు, విత్తనము, వైద్యము మొదలగువాటిని గూర్చి విధానములు నిర్ణయించువారికి తమకు తెలిసినది తెలియజెప్పుట. అమెరికా విజ్ఞానాభివృద్ధి సంఘము దీనిని 1973లో ఆరంభించినది. అక్కడ అభ్యర్థి మూడు సిఫారసు ఉత్తరములు తెచ్చుకొనవలెను. మన దేశములో 1971లో ఏర్పడిన కేంద్ర విజ్ఞాన సాంకేతిక శాఖయు ఇట్టి ఫెలోషిప్పులను ఏర్పరచినది. ఏటికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన మాత్రమే కురియు మన సీమకు, నీటి సంగతి యెరిగిన పిల్ల అట్టి చోట కూర్చుండుట చిన్న విషయము కాదు.

"సరే" నంటిని. ఆ రాత్రి నిద్రపట్టలేదు.

కారణము చెప్పెదను. చాలా సంవత్సరముల క్రిందట ఒక సంఘపెద్ద తన కుమారుని కొరకు ఇట్టి ఉత్తరమే అడిగెను. ఆ అబ్బాయి ప్రయోగశాలకు వచ్చిన దినములు వ్రేళ్లమీద లెక్కింపవచ్చును. నేనైతే "నువ్వే రాసుకొని రా, సంతకం పెడతాను" అంటిని. తన్ను గూర్చి తానే వ్రాసికొని తెచ్చిన పొగడ్తల క్రింద నా పేరు పెట్టితిని. సీటు దొరికెను, ఆరు నెలలలో విడిచి వచ్చెను. అదే సీటుకు పెనుకొండ ప్రక్క పల్లె నుండి మరియొక బాలుడు దరఖాస్తు పెట్టియుండెనని తరువాత తెలిసినది. వాని కొరకు వ్రాయువారు లేరు. నా సంతకమే వాని చోటు తీసివేసినదో లేదో చెప్పజాలను. అతడు నేడు చిల్లరకొట్టు పెట్టుకొని, ఆదివారమున నా ముందు వరుసలో కూర్చుండును. పాట పాడునప్పుడు అతని మెడ నాకు కనబడుచుండును.

తొమ్మిదవ ఆజ్ఞ అనగానే మనము పొరుగువానిని గూర్చి చెడ్డ చెప్పుటయే తలంచుదుము. మంచి చెప్పుట అబద్ధసాక్ష్యమగునా? అగును. అది ఉత్తరములో పేరు లేని పొరుగువాని మీద పలికిన సాక్ష్యము.

కొందరందురు: అందరును హెచ్చించియే వ్రాయుచుండగా, నీవొక్కడవు ఉన్నదున్నట్లు వ్రాసినయెడల నీ విద్యార్థియే నష్టపోవును గదా? ఈ మాటలో న్యాయము లేకపోలేదు. అయితే పదిమందిని గూర్చియు "మిక్కిలి తెలివిగలవాడు" అని యున్నప్పుడు, చదువువాడు ఆ మాటను దాటిపోవును. కన్నులార చూచిన పని యొక్కటి వ్రాసినయెడల అక్కడ ఆగును. పౌలు ఫీబేను గూర్చి వ్రాసినది రెండే వచనములు. ఆమె కెంక్రేయ సంఘపు పరిచారకురాలనియు, అనేకులకును తనకును సహాయపడినదనియు చెప్పి, ఆమెకు కావలసిన పనిలో తోడ్పడుడని కోరెను. అంతే. ("మా సంఘపు పిల్ల" అను ఒక్క మాటనే యోగ్యతగా వ్రాయు మన కాపరులు ఆ రెండు వచనములు మరల చదువుదురు గాక.)

దీనికి మారుగా మరియొక పాపము కలదు. ఊరియా తన మరణపత్రికను తన చేతనే యోవాబు నొద్దకు మోసికొనిపోయెను. ఎదుట "తప్పక రాస్తాను" అని నవ్వి, వెనుక చప్పని నాలుగు మాటలు వ్రాసి పంపువారు మనలోను ఉన్నారు. అట్లు చేయుటకంటె "నేను రాయలేను, నిన్ను బాగా ఎరిగినవారిని అడుగు" అని ముఖముననే చెప్పుట మేలు. అది వినుట కష్టమే, గాని అడిగినవాడు వేరొకరిని అడుగుకొనుటకు కాలముండును.

మరి లోపము సంగతి? ఒనేసిము మునుపు నిష్‌ప్రయోజకుడై యుండెనని పౌలు దాచలేదు. అతడు అచ్చియున్నదేమైన నుండినయెడల తన లెక్కలో చేర్చుమని స్వహస్తముతో వ్రాసెను. సిఫారసు చేయువాడు ఏదో కొంత పూచీ పడవలెనని నాకు తోచుచున్నది.

ఈ పిల్లలో నేను చూచినది ఇది. చదువుకొనుచున్న దినములలో ఒక పల్లెలో నీటి పరీక్ష చేసి, ఒక బోరులో ఫ్లోరైడు హద్దు మించినదని చెప్పినది. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు మించరాదు. తరువాత తన లెక్కలో దశాంశ బిందువు తప్పినదని తానే కనుగొని, నేను అడుగకమునుపే వచ్చి చెప్పినది. ఒక్కతియే బస్సెక్కి ఆ పల్లెకు మరల పోయి, కొళాయి యొద్ద స్త్రీలతో కూర్చుండి, తన తప్పు ఒప్పుకొని, ఏ బోరునీరు త్రాగవచ్చునో, ఏది త్రాగరాదో, కాచినంత మాత్రమున ఫ్లోరైడు ఏల పోదో వారి మాటలలోనే చెప్పివచ్చినది. అధికారులకు సలహా చెప్పబోవువారిలో ఇంతకంటె ఏమి వెదకుదురు? కాని ఆ తప్పు వ్రాయక ఆ సంగతి వ్రాయుట సాధ్యము కాదు.

మూడు దినములు పట్టినది. ఉత్తరము నేరుగా పంపవలసినదే యైనను, ఆమెను పిలిచి, ఆ తప్పును గూర్చి కూడ వ్రాసితినని చెప్పితిని. ఆమె తల వంచుకొని కొంతసేపు ఊరకుండెను.

"అది జరిగిందే కదా సార్. పంపించండి" అనెను.

పంపితిని. ఫలితము ఇంకను రాలేదు.