తల్లికి జీతమిచ్చిన రాకుమారి



నిర్గమకాండం రెండవ అధ్యాయం మనం చిన్ననాడే జ్ఞానోపదేశంలో విన్నాం. ఏటి ఒడ్డున జమ్ముపెట్టెలో దొరికిన బిడ్డను ఫరో కుమార్తె చేరదీసింది. పాలిచ్చి పెంచడానికి ఒక స్త్రీని పిలిపించి జీతం మాట్లాడింది. ఆ స్త్రీ ఎవరో కాదు, కన్నతల్లే! రాకుమారికి ఆ సంగతి తెలియకపోవచ్చు, దేవునికి తెలుసు. తన బిడ్డను పెంచుకోవడానికే ఆ తల్లికి సాయం అందింది.

కొన్నేళ్ళ క్రితం భర్తను పోగొట్టుకున్న ఒక కూలి తల్లి, ఆదివారం పూజ తర్వాత ఇద్దరు పిల్లలతో నా దగ్గరకు వచ్చింది. "ఫాదర్ గారూ, వీళ్ళను హాస్టల్లో వేయడానికి ఉత్తరం ఇప్పించండి" అని అడిగింది. వెంటనే రాసి ఇచ్చాను. మేలు చేశాననే అనుకున్నాను. క్రిస్మస్ సెలవులకు వచ్చిన చిన్నవాడు గుడిలో తల్లి చెంగు వదలలేదు. అప్పుడామె మెల్లగా అన్నది: "నెల గడవడానికి కాస్త ఆసరా దొరికితే నా దగ్గరే ఉండేవారండి." పిల్లలను ఎక్కడ ఉంచాలా అని ఆలోచించానే గాని, ఆ ఇంటికి ఏమి కొరత అని నేను ఒక్క మాట అడగలేదు.

పేదరికం ఒక్కటే కారణమైతే బిడ్డను తల్లి నుండి వేరు చేయడం ధర్మమేనా? హాస్టల్లో మూడు పూటలా తిండి, చదువు, ప్రార్థన ఉన్నాయి కదా అని మీరనవచ్చు. నిజమే. మన మఠకన్యల సేవను నేను తక్కువ చేయడం లేదు. కాని బియ్యాన్ని ఇంటికి చేర్చవచ్చు, తల్లిని హాస్టల్‌కు చేర్చలేము. కదిలించగలిగిన దానిని వదిలి బిడ్డను కదిలించడం ఏమి న్యాయం?

చిన్న సమాజం తాను చేయగల పనిని పెద్ద సమాజం లాక్కోరాదనీ, దానికి తోడ్పడాలనీ పదకొండవ భక్తినాథ పోపుగారు 1931లో తమ విశ్వలేఖలో బోధించారు. కుటుంబం కంటే చిన్న సమాజం ఏది?

అయితే ఇంట్లోనే బిడ్డకు హింస జరుగుతుంటే మౌనం పాపం. అప్పుడు బిడ్డను కాపాడడమే మొదటి ధర్మం. 1098 నంబరుకు ఫోను చేయండి. పేదరికం వేరు, క్రూరత్వం వేరు.

మన దేశ చట్టం కూడా ఈ మాటే చెబుతున్నది. 2015 నాటి బాలల న్యాయ చట్టం ప్రకారం బిడ్డను సంస్థలో ఉంచడం చిట్టచివరి మార్గం. 2022 నాటి మిషన్ వాత్సల్య మార్గదర్శకాలలో, వితంతువుల పిల్లల వంటివారికి ఇంటి వద్దనే ఉండేలా నెలకు 4,000 రూపాయల సాయం ఉన్నది. పల్లెల్లో కుటుంబ ఆదాయం ఏడాదికి 72,000, ఇతర చోట్ల 96,000 రూపాయలు మించరాదు. జిల్లా బాలల సంరక్షణ విభాగంలో దరఖాస్తు చేసుకోవాలి. ఆ కాగితాలు రాసిపెట్టి, వెంట వెళ్ళే మనిషి మన విచారణలో ఒక్కరైనా ఉన్నారా?

1833లో పారిస్‌లో ఓజానాం, ఆయన మిత్రులు పేదల ఇళ్ళకే వెళ్ళారు. పునీత యాకోబు తన లేఖలో అనాథలను, విధవరాండ్రను ఒకే మాటలో కలిపి చెప్పాడు, విడదీయలేదు. మనమెందుకు విడదీయాలి?

ఇకమీదట ఉత్తరం రాయకముందు నేను ఆ ఇంటి గడప తొక్కుతాను. మీరూ నాతో రండి.