నకలు దేనికి నకలు?

వేదాంతం బోధించేవారు దేవదత్తుడి ఉదాహరణ చెబుతారు. ఎప్పుడో ఎక్కడో చూసిన దేవదత్తుణ్ణి ఇవాళ ఇక్కడ చూసి 'వాడే వీడు' అంటాం. అప్పటి ఊరు, అప్పటి వయసు, అప్పటి బట్టలు ఇప్పుడు లేవు. వాటిని విడిచిపెట్టి మిగిలిన మనిషిని పట్టుకుంటాం. ఏవి విడవదగినవో, ఏవి విడవరానివో తెలిస్తేనే గుర్తుపట్టడం సాధ్యం. మనుషుల విషయంలో ఇది సులువుగానే జరిగిపోతుంది. వాద్యాల విషయంలో ఎంత చిక్కో తెలియాలంటే, పాత హామండ్ ఆర్గన్‌కు డిజిటల్ నకలు ఎంచుకోబోయే వాయిద్యకారుణ్ణి అడగాలి.

ముందు ఆ ఆర్గన్ సంగతి. లారెన్స్ హామండ్ అమెరికాలో విద్యుత్ గడియారాలు తయారుచేసిన ఇంజనీరు. స్వయంగా సంగీతం వాయించగలవాడు కాదు. గడియారాన్ని తప్పకుండా ఒకే వేగంతో నడిపే మోటారుతోనే 1935లో ఆర్గన్ తయారుచేసి అమ్మకానికి పెట్టాడు. లోపల 91 లోహపు చక్రాలు తిరుగుతుంటాయి. అంచున గతుకులున్న ఆ చక్రాలు అయస్కాంతాల ముందు తిరిగితే ఒక్కొక్క చక్రానికి ఒక్కొక్క స్వరం పుడుతుంది. వాయించేవాడు తొమ్మిది కడ్డీలను ముందుకూ వెనక్కూ జరిపి ఆ స్వరాలను పాళ్ళు కలుపుకుంటాడు. ఈ వంశంలో పేరుమోసిన బి-3 నమూనా 1950ల మధ్యనుంచి 1970ల మధ్యవరకు తయారైంది. బల్ల, కాలిమెట్లతో కలిపి దాని బరువు దాదాపు 190 కిలోలు. ఏటా నూనె పోయాలి. మోయడానికి నలుగురు కావాలి.

అందుకే నకళ్ళు పుట్టాయి. 1980 నాటికే కోర్గ్ సంస్థవారి సిఎక్స్-3 వచ్చింది. 2001లో స్వీడన్ నుంచి నార్డ్ ఎలక్ట్రో వచ్చింది. ఇప్పుడు కంప్యూటరులోనే నడిచే నకళ్ళూ ఉన్నాయి. కొనేవాళ్ళందరూ అడిగే ప్రశ్న ఒక్కటే: 'వీటిలో అసలుకు దగ్గరగా ఉన్నదేది?'

ప్రశ్న న్యాయమైనదే. కానీ ఆ అసలు కూడా ఒకప్పుడు నకలే. చర్చిల్లో ఉండే పైపు ఆర్గన్‌కు చవక ప్రత్యామ్నాయంగా హామండ్ దాన్ని అమ్మాడు. పైపు ఆర్గన్ ధ్వనులన్నీ ఇందులో పలుకుతాయని కంపెనీ ప్రకటించుకుంటే, 1936లో అమెరికా ప్రభుత్వ వాణిజ్య సంఘం అభియోగం మోపింది. షికాగో విశ్వవిద్యాలయపు ప్రార్థనాలయంలో రెండు వాద్యాలనూ కనబడకుండా వాయించి వినిపించారు. వినేవాళ్ళు చాలాసార్లు పొరబడ్డారు. అయినా 1938లో సంఘం ఆ గొప్పలు మానుకోమని ఆదేశించింది. 'ఆర్గన్' అనే పేరు మాత్రం వాద్యానికి నిలిచింది.

ఇందులో ఒక నీతి ఉంది. చెవి మోసపోయినంత మాత్రాన మాట నిజం కాదు. దొంగనోటుకు పట్టుబడకపోవడమే విజయం. వాద్యానికి అది కొలమానం కారాదు. 'కళ్ళు మూసుకుని వింటే తేడా తెలియలేదు' అన్నది ఈనాటి నకళ్ళకు ఇచ్చే అతి పెద్ద యోగ్యతాపత్రం. అదే యోగ్యతతో చూస్తే హామండ్ ఆర్గన్ కూడా ఓ మోస్తరు పైపు ఆర్గన్‌గా చరిత్రలో మిగిలిపోయేది. అలా మిగలలేదు. దేన్ని అనుకరించబోయిందో దానిలా పలకలేకపోయిన చోటే దానికి సొంత గొంతు వచ్చింది.

మెట్టు నొక్కగానే వచ్చే చిన్న 'టిక్' శబ్దాన్నే తీసుకోండి. ఒక్కో మెట్టు కింద తొమ్మిది విద్యుత్ స్పర్శలున్నాయి. అవన్నీ ఒకే క్షణంలో కలవవు కనుక ఆ చప్పుడు. కంపెనీవారు దాన్ని లోపమనే అనుకున్నారు, తగ్గించాలనే చూశారు. నల్లజాతివారి చర్చిల్లో, జాజ్ క్లబ్బుల్లో వాయించినవారికి మాత్రం ఆ చప్పుడే తాళానికి పదును పెట్టింది. 1950లలో జిమ్మీ స్మిత్ వేగంగా వాయిస్తుంటే అది దోషమని ఎవరికీ తోచలేదు. డాన్ లెస్లీ చేసిన తిరిగే స్పీకరు కథా అంతే. పైపు ఆర్గన్‌లోలాగా ధ్వని పలుదిక్కుల నుంచి రావాలని అతను చేశాడు. హామండ్‌కు అది గిట్టలేదు. ఈనాడు ఆ రెండింటినీ విడదీసి ఊహించుకునేవారు అరుదు.

దేవదత్తుడి ఉదాహరణ ఇక్కడ తిరగబడింది. ఆగంతుకంగా వచ్చి చేరినది స్వరూపంలో భాగమైపోయింది. ఆ పని చేసింది తయారీదారు కాదు. దొరికిన యంత్రంతో సరిపెట్టుకుని, దాని మొండితనంతో ఏళ్ళ తరబడి కాపురం చేసిన వాయిద్యకారులు.

ఇప్పుడు నకలు చేసే ఇంజనీరు పాట్లు చూడండి. ఒక చక్రం ధ్వని పక్క తీగలోకి లీలగా కారడాన్ని లెక్కగట్టి మరీ కల్పిస్తాడు. పాత ఆర్గన్లలో మైనం పూసిన కెపాసిటర్లు ఏళ్ళు గడిచేకొద్దీ విలువ మారి, పైస్వరాలు మందగించాయి. కొత్తగా ఫ్యాక్టరీ నుంచి వచ్చిననాటి ధ్వనిని చెయ్యాలా, ముప్పై ఏళ్ళు ముసలిదైన ధ్వనిని చెయ్యాలా? 'అసలు' ఏ వయసుది? ఈ ప్రశ్నకు కొలత పరికరం జవాబు చెప్పదు. మనం ఎవరి చేతిలో దాన్ని విని ప్రేమించామో ఆ జ్ఞాపకమే చెప్పాలి.

ఇంకో చిక్కుంది. నకలులో ప్రతి దోషానికీ ఒక మీట ఉంటుంది. టిక్ శబ్దం ఎక్కువా తక్కువా, కారుడు ఎంత, యంత్రం వయసెంత, అన్నీ మన ఇష్టం. ఇష్టం లేనప్పుడు ఆపేసుకోగలిగిన దోషం దోషం కాదు, అలంకారం. పాతవాళ్ళకు ఆ సౌకర్యం లేదు. బి-3లో మెట్టు తాడనాన్ని పదును చేసే మీట వేస్తే తొమ్మిదో కడ్డీ మూగబోతుంది. ఒకటి కావాలంటే ఇంకొకటి వదులుకోవాలి. వారి శైలి ఆ వదులుకోవడంలోంచే వచ్చింది. మంచి నకళ్ళు ఆ నష్టాన్ని కూడా అలాగే ఉంచుతాయి. అది ఛాందసం కాదు. వాద్యం అడిగే క్రమశిక్షణకు చూపిన గౌరవం.

అలాగని పోయిందంతా ధ్వనిలోనే వెతకనక్కర్లేదు. మన కచేరీల్లో ఎలక్ట్రానిక్ తంబుర వచ్చింది. శ్రుతి తప్పదు, అలసిపోదు, సంచిలో పడుతుంది. గాయకుడికి అది ఉపకారమే. కానీ వెనక కూర్చుని తంబుర మీటుతూ గురువు పాట విన్న శిష్యుడి చోటు ఖాళీ అయింది. ఆ లోటు ఎంత మంచి స్పీకరులోనూ వినబడదు. హామండ్‌కు నూనె పోసిన చేతులు, మెట్ల మీదుగా మోసిన భుజాలు కూడా అలాంటివే. నకలు భారాన్ని తగ్గించింది. భారంతోపాటు కొందరు మనుషులూ తగ్గారు. నకలు కొనడం తప్పని నేను అనను. ఆ బరువు మోయలేని బీద వాయిద్యకారుడికీ చిన్న చర్చికీ ఆ గొంతును అందించినది నకలే. హామండ్ కూడా 1935లో చేసింది ఆ పనే కదా!

కనుక ఎంచుకునేవారు అడగవలసింది 'ఏది బాగా నమ్మిస్తుంది?' అని కాదు, 'దేనితో పదేళ్ళు కాపురం చెయ్యగలను?' అని. కడ్డీలు చేతికి అందుతున్నాయా, మెట్లు వేలికి లొంగుతున్నాయా చూడాలి. చెవికి నచ్చిన ఒక వయసు దగ్గర మీటలు నిలిపి, ఇక వాటి జోలికి పోకుండా వాయించాలి. అప్పుడు ఆ నకలుకూ దానివైన కొత్త లోపాలు బయటపడతాయి. తయారీదారు వాటిని దిద్దాలని చూస్తాడు. ఎవరో ఒక కుర్రవాడు మాత్రం వాటిలోంచి ఒక పాట తీస్తాడు. ఆనాటినుంచి అది దేనికీ నకలు కాదు.