ముందు అక్షరాన్ని గుర్తుపట్టు బిడ్డా

బిడ్డా, నిన్న నీ దుకాణంలో కూర్చున్నప్పుడు ఒకాయన పాత పెండ్లి పత్రిక తెచ్చి, “అక్కా, పైన శ్రీరస్తు ఎట్ల ఉందో మా చెల్లె పత్రిక మీద గూడ అట్లనే రావాలె” అన్నడు. నువ్వు గంటసేపు వెతికి, దొరక్క, చేతికందిన ఫాంటు పెట్టి పంపినవు. ఆయన పోయినంక నీ ముఖం చిన్నబోయింది. అందుకే ఈ నాలుగు మాటలు. ఇదే నందిపేట్‌లో ఇరవై ఏండ్లు షట్టర్ల మీద కుంచె పట్టి, ఇరవై ఏండ్లు డీటీపీ ముందు కూర్చున్న పెద్దమ్మ చెప్తున్నదనుకో.

పసుపు కొనేవాళ్లు పైమెరుపు చూసి ధర చెప్పరు, కొమ్ము విరిచి లోపలి రంగు చూస్తారు. నువ్వూ ముందు అక్షరాన్ని విప్పి చూడు, ఫాంటు పేరు తర్వాత.

మొదట, అది ఫాంటా, చేతిరాతా తేల్చుకో. ఒకే అక్షరం రెండుచోట్ల వచ్చిందేమో చూడు. రెండు ‘న’లు అచ్చు గుద్దినట్టు ఒకటే అయితే చాలావరకు ఫాంటు. తలకట్టు ఒకచోట పొడుగ్గా, ఒకచోట పొట్టిగా ఉంటే చేత్తో రాసింది. బాపు గారి చేతిరాత ఎంత మందికి నచ్చిందంటే, దాన్నే ఫాంటుగా చేసుకున్నారు. అయినా ఆయన స్వయంగా రాసిన అట్టల మీద ఒక అక్షరం రెండోసారి అట్లనే రాదు. చేతిరాత అని తేలితే ఫాంటు కోసం రాత్రంతా మేలుకోకు. స్కాన్ చేసి, దాని మీదే గీసుకో.

పీడీఎఫ్ దొరికితే పని సులువు. ప్రాపర్టీస్‌లో ఫాంట్స్ అన్న చోట పేర్లు ఉంటాయి. కోరల్‌లో అక్షరాలను కర్వ్స్, అంటే ఉత్త గీతలుగా, చేసి పంపితే మాత్రం పేరు మిగలదు, కన్నే దిక్కు. పాత ఫైలు తెరవగానే తెలుగు బదులు పిచ్చి ఇంగ్లీషు కనిపిస్తే ఫైలు పాడైందనుకోకు. అది అను లాంటి పాత పద్ధతి ఫాంటులో కొట్టింది కావచ్చు. ఆ ఫాంటు వేస్తేనే తెలుగు కనిపిస్తుంది.

ఇంగ్లీషు అక్షరాల ఫొటో ఇస్తే పేరు చెప్పే వాట్‌దఫాంట్ లాంటి సైట్లున్నాయి. తెలుగుకు వాటినే నమ్ముకోకు. తలకట్టు మొన ఎటు వంగింది, గుడి గుండ్రంగా ఉందా నొక్కినట్టుందా, ఏత్వం ఎక్కడ ఆగింది, ఒత్తులు ఎంత చిన్నగా ఉన్నాయి, ఇవి చూడు. ‘శ్రీ’, ‘క్ష’, ‘ఝ’ మూడూ పోల్చితే సగం అనుమానం తీరుతుంది. సిలికానాంధ్ర సంస్థ పూనికతో వచ్చిన ఫాంట్లు ముందు నేర్చుకో. పెద్దన, తిమ్మన, ధూర్జటి, తెనాలి రామకృష్ణ అని రాయల కాలపు కవుల పేర్లు పెట్టారు. రవిప్రకాశ్, లక్కిరెడ్డి, పొన్నాల కూడా ఆ కుదురువే. వీటిని గూగుల్ ఉచితంగా ఇస్తోంది. పత్రికల మీద, ఫ్లెక్సీల మీద ధైర్యంగా వాడుకో. డబ్బు పెట్టి కొనాల్సిన ఫాంటు మాత్రం ఎవరి పెన్‌డ్రైవ్ నుంచీ ఎక్కించుకోకు. అది గీసినవాళ్ల కష్టం.

ఇంగ్లీషు పత్రికల్లో తొలి అక్షరం పూలతీగల మధ్య పెద్దగా ఉంటుంది చూడు, అది చాలా పాత అలవాటు. జర్మనీలోని మైంజ్‌లో 1457లో అచ్చైన కీర్తనల పుస్తకంలోనే రెండు రంగుల అలంకార అక్షరాలున్నాయి. మన లిపిలో పెద్దక్షరం, చిన్నక్షరం అనే తేడా లేదు. అట్లని మనకు లోటేం లేదు. మనకు ‘శ్రీ’ ఉంది. పైన గుడిదీర్ఘం, కింద ఎడమకు తిరిగే రావత్తు, ఎంత సాగదీసినా అందమే. పత్రికలో నగ పెట్టాలంటే అక్కడ పెట్టు. పెండ్లికూతురు పేరు, ముహూర్తం, ఊరు మాత్రం చదవగానే తెలిసే అక్షరాల్లో ఉండాలి. పత్రికను కళ్లద్దాల తాతలూ చదువుతారు.

ఇది నేను నష్టపోయి నేర్చుకున్నది. ఒక పసుపు దుకాణం బోర్డు రాస్తూ, అందం కోసం ‘ప’ తలకట్టును కింది గీతతో కలిపేశాను. ‘ప’కు తలకట్టు విడిగా ఉండాలి, కలిస్తే ‘వ’ అవుతుంది. తెల్లారి బోర్డు ఎక్కితే అది ‘వసువు’. ఆ యజమాని ఒక్క మాట అనలేదు. రంగు డబ్బులు నేనే పెట్టుకొని మళ్లీ రాసిన. మన అక్షరాలకు ప్రాణం చిన్న గీతల్లోనే ఉంది. ‘ధ’ కింది గీత పూలతీగలో కలిస్తే ‘ద’ మిగులుతుంది. ‘వు’ కొమ్ము కిందికి దిగకుండా పక్కకే పోతే ‘మ’ అనిపిస్తుంది. ఏ ఫాంటు తీసుకున్నా ముందు ఈ జంటలు కొట్టి, పత్రిక సైజులోనే ప్రింటు తీసి చూడు.

అచ్చం అదే ఫాంటు దొరకకపోతే, “ఇది దగ్గరిది, అదే కాదు” అని ముందే చెప్పు. నిన్న నువ్వు తప్పింది అక్కడే.

మా అటక మీద పాత పెండ్లి పత్రికల కట్ట ఉంది. ఆదివారం వచ్చి తీసుకపో. ఒక్కోదాని మీది ‘శ్రీ’ కత్తిరించి నోటుబుక్కులో అంటించు, పేరు తెలిస్తే పక్కన రాయి, తెలియకపోతే ఖాళీ వదులు. ఆ ఖాళీలు నింపేటప్పుడు నేనూ పక్కన కూర్చుంట.