అనంత శ్రేణి, పరిమిత బుద్ధి

కొన్ని అవకలన సమీకరణాల సాధన ఒక సమాకలని దగ్గర ఆగుతుంది. ఘాతాంకంలో రుణ ఎక్స్ వర్గం ఉన్న ఘాతీయ ప్రమేయాన్ని సమాకలనం చేయాల్సి వచ్చినప్పుడు అలాగే జరుగుతుంది. దాని సమాకలనిని ప్రాథమిక ప్రమేయాలతో రాయడం అసాధ్యమని 19వ శతాబ్దపు లియువీల్ సిద్ధాంతం వల్ల తేలింది. అప్పుడు ప్రమేయాన్ని ఘాతశ్రేణిగా విస్తరించి, ఒక్కో పదాన్నీ సమాకలనం చేస్తారు. సున్నా నుంచి ఒకటి వరకు సమాకలనం చేస్తే వచ్చే శ్రేణి ఇది: 1 − 1/3 + 1/10 − 1/42 + 1/216 − … ఐదు పదాల మొత్తం సుమారు 0.7475, అసలు విలువ సుమారు 0.7468. గుర్తులు మారుతూ పదాలు తగ్గుతాయి కనుక, దోషం ఆరో పదమైన 1/1320ని మించదు.

ముగింపు లేనిదాన్ని పరిమిత బుద్ధి ఎరుగగలదా అన్న ప్రశ్న ఇక్కడ పుడుతుంది. ఇప్పటి తిరువళ్ళూరు జిల్లాలోని తిరుత్తణిలో, 1888లో తెలుగు కుటుంబంలో జన్మించిన తత్త్వవేత్త సర్వేపల్లి రాధాకృష్ణన్ జ్ఞానమార్గాలను లోతుగా చర్చించారు. తర్కబుద్ధి విడదీసి తెలుసుకుంటుంది. అంతర్దృష్టి సమగ్రంగా గ్రహిస్తుంది. అది తర్కాన్ని దాటుతుందే గాని దానికి విరోధి కాదని ఆయన మతం.

శ్రేణిలో పదాలు కూడేది తర్కం. అభిసరణాన్ని నిరూపించి, మొత్తం ఒకే నిశ్చిత విలువ అని స్థాపించేదీ తర్కమే. ఈ శ్రేణిలాగే అనంతమని చెప్పే పరతత్త్వం, అంటే బ్రహ్మం, విషయంలో అలాంటి నిరూపణ లేదు. కనుక ఈ పోలిక దైవానికి రుజువు కాదు. పూర్తిగా లెక్కించలేనిదల్లా తెలియరానిది కాదని మాత్రం అది స్పష్టం చేస్తుంది.