లేదని చెప్పే తీరు

మన ఇళ్ళల్లో బియ్యం అయిపోయాయనరు, నిండుకున్నాయంటారు. దీపం ఆరిపోయిందనరు, కొండెక్కిందంటారు. చిన్నప్పుడు నాకిది మహా వింతగా ఉండేది. డబ్బా ఖాళీ అయితే నిండుకోవడమేమిటి, ఇది అబద్ధం కాదూ అని అమ్మనడిగితే, "అబద్ధమెందుకవుతుందే! ఆ మాట వినగానే మీ నాన్న సంచీ పుచ్చుకుని బజారుకి బయల్దేరడం లేదూ?" అంది. మాట మెత్తగా ఉన్నా, సంగతి మాత్రం అందరికీ తెలుస్తుంది. అమ్మ చెప్పిన ఆ ధర్మసూక్ష్మం ఇన్నేళ్ళ తరవాత కంప్యూటరు ముందు అక్కరకొస్తుందని నేననుకోలేదు.

నా కథలు కొన్ని అందరూ చదువుకోడానికి వీలుగా మా అన్నయ్య కొడుకు ఒక వెబ్‌సైట్ పెట్టాడు. అందులో ఒక కథ మా పిన్ని జీవితంలోంచి తీసుకున్నది. పేర్లు మార్చాను, ఊరు మార్చాను, ఇంకెవరూ పోల్చుకోలేరనుకున్నాను. పిన్ని చదివింది. నాలుగు రోజులు నాతో మాట్లాడలేదు. అయిదో రోజు ఫోన్ చేసి, "నీకు చెప్పుకున్నాను గానీ, ఊరందరికీ చెప్పమన్నానుటే?" అని ఒక్క ముక్క అని పెట్టేసింది. ఆ పూటే కథ తీయించేశాను.

అక్కడితో అయిపోయిందనుకున్నాను. నెల తిరక్కుండానే ఒక పెద్దావిడ ఫోన్ చేశారు. నా కథలు వదలకుండా చదివే మనిషి. "మీ కథ మా అమ్మాయికి చూపిద్దామని వెతుకుతున్నానండీ. నాట్ ఫౌండ్ అంటోంది. నేనే ఏదో తప్పు నొక్కుతున్నట్టున్నాను. అసలది మీ కథేనా, ఇంకెవరిదో మీదనుకుంటున్నానా? ఈ మధ్య మరుపు ఎక్కువైంది లెండి" అన్నారు.

నా మనసు చివుక్కుమంది. తీసేసింది నేను. తన మతిని శంకించుకుంటున్నది ఆవిడ!

మేనల్లుణ్ణి పిలిచి, ఆ పేజీ ఎవరు రాశారురా అనడిగాను. "ఎవరూ రాయలేదత్తా, సర్వరు తనంతట తనే చూపిస్తుంది. కావాలంటే మనం మార్చుకోవచ్చు" అని కూర్చోబెట్టి చెప్పాడు.

సర్వరంటే కచేరీలో కాగితాలందించే గుమాస్తాలాంటిది. అడిగిన కాగితం ఉంటే 200 అని అంకె వేసి ఇస్తుంది. ఇవ్వలేకపోతే ఇంకో అంకె వేస్తుంది. 404 అంటే దొరకలేదు. 403 అంటే మీకివ్వను. 503 అంటే ఇప్పుడు కుదరదు, మళ్ళీ రండి. ఎంతసేపటికి రావాలో కూడా చెప్పొచ్చుట. 4తో మొదలయ్యే అంకెలు అడిగినవారి వైపు పొరపాటు కిందా, 5తో మొదలయ్యేవి సర్వరు వైపు పొరపాటు కిందా లెక్క. అంటే తీసేసింది నేనైనా, 404 అన్నంత కాలం తప్పు మాత్రం ఆ పెద్దావిడ ఖాతాలోనే పడుతోందన్నమాట!

అంకె యంత్రాల కోసం. దానితోపాటు కనిపించే పేజీ మనుషుల కోసం. ఆ పేజీలో ఏం రాసుకోవాలో మనిష్టం. అపాచీ అనే సర్వరులో అయితే ఎర్రర్ డాక్యుమెంట్ అని మొదలుపెట్టి, అంకె రాసి, చూపించవలసిన పేజీ పేరు రాస్తే సరి. ఒక్క వాక్యంతో పని అయిపోతుంది.

"ఒక్క జాగ్రత్తత్తా" అన్నాడు వాడు. "పేజీ పేరు రాయాల్సిన చోట మొత్తం వెబ్ చిరునామా రాశామనుకో, సర్వరు 404 అనకుండా 'అటు వెళ్ళండి' అని పంపించేస్తుంది. అటు వెళ్తే పేజీ భేషుగ్గా ఉంటుంది, 200 వస్తుంది. లేనిది ఉన్నట్టే యంత్రాలు నమ్ముతాయి. పైన 'క్షమించండి, లేదు' అని రాసి, కింద 'ఉంది' అని ముద్ర వేసినట్టు. దీన్ని సాఫ్ట్ 404 అంటారు."

బియ్యం లేనిచోట నిండుకున్నాయనడం మర్యాద. అన్నానికి కూర్చోండని విస్తరి వేసి, వడ్డించకపోవడం మర్యాద కాదు కదా!

ఇంతకీ ఇన్ని పేజీలు ఎందుకు మాయమవుతాయీ అంటే, దానికీ కారణముంది. 1989లో జెనీవా దగ్గర సెర్న్ పరిశోధనశాలలో టిమ్ బెర్నర్స్ లీ ఈ వెబ్‌ని ప్రతిపాదించాడు. అందులో ఎవరైనా ఎవరి పేజీకైనా దారి వేయొచ్చు, అనుమతి అక్కర్లేదు. అంచేతే అది అంతగా పెరిగింది. అంచేతే, మనమొక పేజీ తీసేస్తే దానికి దారి వేసుకున్నవాళ్ళకి తెలిసే మార్గమూ లేదు. మంచి చిరునామాలు మారవంటూ ఆయనే 1998లో ఒక వ్యాసం రాశాడు. నాలాంటివాళ్ళ గురించే కాబోలు.

"మరి మనమే తీసేశామని చెప్పే అంకె లేదట్రా?" అన్నాను.

"ఉంది. 410. ఒకప్పుడు ఉండేది, ఇప్పుడు లేదు, ఇక రాదు అని అర్థం." కోర్టు వంటివి చట్టప్రకారం ఆపమన్నవాటికి 451 అని మరొకటి 2016లో చేర్చారుట. పుస్తకాలు తగలబెట్టే రాజ్యం మీద రే బ్రాడ్‌బరీ 1953లో రాసిన నవల పేరులోంచి తెచ్చిన అంకె అది. తీసేసిందెవరో చెప్పడానికి కూడా ఒక అంకె ఉందంటే నాకు ముచ్చటేసింది.

కానీ వెంటనే సరేననలేకపోయాను. తీసేశామని చాటితే, ఎందుకు తీసేశారని నలుగురూ అడగరూ? మళ్ళీ పిన్ని సంగతే బయటికొస్తుంది. దాచుకోవలసినదాన్ని 403 అనకుండా 404 అనవచ్చని ఆ నియమాల్లోనే ఉందిట. ఒకరి గుట్టు కాపాడ్డానికి ఆ మాత్రం అబద్ధం తప్పా? నాకు తేలలేదు. చివరికి ధైర్యం చేసి పిన్నినే అడిగాను.

చాలాసేపు మాట్లాడలేదు. తరవాత అంది. "లేదని చెప్పకే. తీసేశానని చెప్పు. రాసినదాన్ని రాయలేదంటే, నేను పడ్డ బాధ కూడా లేనట్టేగా? కారణం మాత్రం చెప్పకు. అది నాది."

ఇన్ని నవలలు రాసినదాన్ని, ఈ తేడా నాకు తట్టనేలేదు. నిజం చెప్పడం వేరు, అంతా చెప్పడం వేరు. ఉన్నదాన్ని లేదనకుండానే తలుపు వేసుకోవచ్చు.

ఆ సాయంత్రం మా వాడు రెండు వాక్యాలు చేర్చాడు. ఒకటి, ఆ చిరునామాలోది పోయిందని. రెండోది, 410కి ఈ పేజీ చూపించమని. అంకె సరిగ్గా వస్తోందో లేదో కూడా చూశాడు. పేజీలో నేనిలా రాశాను: "మీరు వెతుకుతున్న కథ ఇక్కడే ఉండేది. రాసిన నేనే తీసేశాను. మీ పొరపాటేమీ లేదు. మిగతా కథలు కింద ఉన్నాయి."

పెద్దావిడకి ఫోన్ చేసి ఆ మాటే చెప్పాను. ఎందుకు తీసేశారని ఆవిడ అడగనే లేదు.

"హమ్మయ్య! నా మతి బాగానే ఉందన్నమాట" అన్నారు.