పాటకు ముందు పది నిమిషములు



ఒక క్రిస్మసు నాటి తెల్లవారుజాము ఆరాధనను మేము సిగ్గుతో జ్ఞాపకము చేసికొనుచున్నాము. చలి మిక్కుటముగా నుండెను. పాట ఎత్తవలసిన యౌవనస్థుడు మాయొద్దకు వచ్చి, "అయ్యగారూ, గొంతు పట్టేసింది. పది నిమిషాలు కూనిరాగం తీసి వస్తానండీ" అని అడిగెను. పెద్దలమైన మేము, "దేవునికి కావలసింది హృదయం నాయనా, గొంతు కాదు. మొదలుపెట్టు" అంటిమి. అతడు పల్లవి పై స్థాయిలో ఎత్తగానే గొంతు జీరపోయెను. చాపలమీద కూర్చున్నవారిలో కొందరు నవ్విరి. నాటినుండి అతడు పాటకు నిలువలేదు.

మేము పలికినది విశ్వాసమా, లేక విశ్వాసమను పేరు పెట్టుకొనిన తొందరపాటా?

గొంతులో రెండు సన్నని స్వరతంత్రులున్నవి. మాటలాడునప్పుడు అవి పురుషునికి సెకనుకు సుమారు 100 సార్లు, స్త్రీకి సుమారు 200 సార్లు కంపించును. పై స్థాయిలో పాడునప్పుడు ఇంకను హెచ్చుగా కంపించును. నిద్రలేచిన గొంతును ఒక్కసారిగా పైకి తోయక, పెదవులు మూసి సన్నగా రాగము తీయుచు, దిగువ స్వరములనుండి మెల్లగా ఎక్కవలెను. కండరములును అంతే. కబడ్డీ ఆడువారైనను, కూచిపూడి నాట్యమాడువారైనను ముందు నెమ్మదిగా కదలినయెడల రక్తప్రసారము హెచ్చి కండరములు వేడెక్కును. అప్పుడు చురుకుగా పనిచేయును.

నార్వే దేశమున ఫుట్‌బాల్ ఆడు 1,892 మంది బాలికలను పరిశీలించిన ఫలితములు 2008లో ప్రచురింపబడెను. ఆటకు ముందు సుమారు 20 నిమిషములు పరుగు, బలము, నిలకడలకు సంబంధించిన వ్యాయామములు చేసిన జట్లలో తీవ్రమైన గాయములు తక్కిన జట్లకంటె సుమారు సగము తగ్గెను. తక్కినవారికి ఆటయందు ఆసక్తి లేదా? ఉన్నది. అయితే ఆసక్తి ఒక్కటే కండరమును కాపాడలేదు.

లేఖనములు ఈ సంగతి ఎరుగనివి కావు. దావీదు కాలమున ఏర్పరచబడిన గాయకులు 288 మంది; వారు నేర్పు పొందినవారని దినవృత్తాంతముల మొదటి గ్రంథము 25వ అధ్యాయము తెలుపుచున్నది. గెత్సేమనేలో నిద్రించిన శిష్యుల మనస్సు మంచిదేయైనను శరీరము బలహీనమని ప్రభువు ఎరిగియుండెను. శరీరము బలహీనమని ఒప్పుకొనుట అవిశ్వాసము కాదు, వినయము.

"పొలమునుండి పరుగున వచ్చువారికి ఈ తీరిక ఎక్కడిది?" అని కొందరు అడుగుదురు. అది న్యాయమైన ప్రశ్నయే. కనుకనే ఆ సమయమును ఇవ్వవలసిన బాధ్యత పెద్దలది. పాడువాడు అడుగకముందే మనము ఇయ్యవలెను.

దేవుడు జీరబోయిన గొంతును త్రోసివేయడు. వృద్ధురాలి వణకు పాటను ఆయన అంగీకరించును. అది ఆయన కృప. కాని ఆ కృపను సాకుగా చేసికొని, సహోదరుని గొంతును గాయపరచుటకు మనకు అధికారము లేదు. దేవుడు అంగీకరించునది వేరు. మనము ఒకరినుండి బలవంతముగా తీసికొనునది వేరు.

మేము ఆ యౌవనస్థుని యింటికి వెళ్లి క్షమింపుమని వేడుకొంటిమి. అతడు మౌనముగా వినెను, ఇంకను రాలేదు. ఇప్పుడు మా సంఘములో ఆరాధనకు పది నిమిషములు ముందుగా ఒక బిందెడు నీళ్లు పెట్టి, పాడువారందరు కూడి సన్నగా రాగము తీయుచున్నారు. అతని చోటును ఖాళీగా ఉంచితిమి. మీ సంఘములో ఎవరైనను పది నిమిషములు అడిగినయెడల, దయచేసి కాదనకుడి.